నడిమి అక్షరం

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ సామెత కట్టినవాళ్ళకి మా అత్తయ్య లాంటి అత్త దొరికి ఉండదు. ఆవిడ కోసం నేనూ నా తోడికోడలూ ఒక ఎండాకాలమంతా పోట్లాడుకున్నాం. జుట్లు పట్టుకోలేదు, గిన్నెలు విసరలేదు, ఇంగ్లీషు మాటలతో పోట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే పోట్లాడింది నేనొక్కదాన్నే. అవతలిదానికి అది పోట్లాటని కూడా తెలియదు. నాకు మరీ ఒళ్ళు మండింది అందుకే.

బడులకు సెలవులిచ్చారంటే నాకు పని మొదలైనట్టు. మాది వీధిలోకి తలుపున్న ఇల్లు. ముందుగదిలో నా కుట్టుమిషను, దాని పక్కన మంచమంత కటింగ్ బల్ల, గోడ పొడుగునా తెల్లగుడ్డ, నీలంగుడ్డ థాన్లు. ఎండాకాలమంతా బడిపిల్లల చొక్కాలూ లాగులూ గౌన్లూ కుడతాను. బడులు తెరిచేనాటికి అందించకపోతే తల్లులు వచ్చి గుమ్మంలో కూర్చుంటారు. ఆ రోజుల్లో నా ఒంటిమీద దారప్పోగు లేని చోటుండదు. వంట సగం అత్తయ్యే చేసేవారు.

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆవిడ ఎక్స్ఛేంజీ అత్తయ్యే. గొంతు కంచు. ఒక అక్షరం పలికితే ఇంకో అక్షరమని పొరబడే అవకాశం ఎవరికీ ఇవ్వరు. కళ్ళకి మాత్రం శుక్లాలు కమ్మాయి. ఇంకొంచెం ముదరాలి, అప్పుడు ఆపరేషన్ చేద్దామన్నాడు డాక్టరు. పేపర్లో హెడ్డింగులు తప్ప ఏమీ చదవలేరు. అయినా పేపరు గుమ్మంలో పడగానే ఆవిడ అడిగే మొదటి మాట, "ఇవాళ ఏమిచ్చాడే?"

ఇచ్చేది ఇంగ్లీషు పేపరు లోపలి పేజీలో. గుండ్రంగా ఆరక్షరాలు, నడిమధ్య ఒకటి. వాటితో ఎన్ని మాటలైనా కట్టొచ్చు, కానీ నడిమి అక్షరం ప్రతి మాటలోనూ ఉండి తీరాలి. ఏడూ కలిస్తే ఒక పెద్దమాట వస్తుంది. అది పట్టుకున్నవాళ్ళది ఆ పూట రాజ్యం. నేను అక్షరాలు చదివి వినిపించి, బల్ల చెక్క మీద సుద్దతో రాసి, మిషను తొక్కడం మొదలుపెట్టేదాన్ని. అత్తయ్య పక్కన కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకునేవారు. దొరికిన మాటల్నీ బల్ల మీదే రాసి, సాయంత్రం తడిగుడ్డతో తుడిచేసేదాన్ని.

మా ఇంట్లో ఇంకో నిబంధన కూడా ఉంది. అది పేపరువాడు పెట్టింది కాదు, అత్తయ్య పెట్టింది. మాట చెబితే చాలదు, అర్థం తెలుగులో చెప్పాలి. ఆ అర్థం ఇంట్లోనో వీధిలోనో ఎక్కడుందో చూపించాలి. 'రస్ట్' అంటే తుప్పు అని కిటికీ ఊచ చూపించాను ఒకసారి. 'స్నోర్' అంటే గురక అని, లోపల నిద్రపోతున్న మా ఆయన్ని వేలుపెట్టి చూపించాను. చూపించలేకపోతే ఆ మాట చెల్లదు. అవతల ఎత్తే మనిషి లేకపోతే ఫోను కలిపి ఏం లాభమే అనేవారు అత్తయ్య.

నేను ఈ ఇంటికి వచ్చేనాటికి నాకొచ్చిన ఇంగ్లీషు పదో తరగతి తప్పడానికి సరిపోయేంత. ఆ తర్వాత వచ్చిందంతా ఆ కుర్చీ పక్కన కూర్చుంటే వచ్చిందే. మాకు పిల్లలు లేరు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పైకి, కిందికి అన్న రెండు మాటలతో రోజంతా నెట్టుకురాగల మనిషి. ఇంట్లో నాకు మాటా ముచ్చటా అంటే అత్తయ్యే. నా మిషను, నా కత్తెర ఎలాగో ఆ కుర్చీ పక్క చోటు కూడా అలాగే నాదనుకున్నాను.

ఆ ఏడు సీజను మొదట్లోనే మా మరిది పెళ్ళాంతో సహా దిగాడు. అతను కోల్డ్‌స్టోరేజీలో సూపర్‌వైజరు. పెళ్ళయి ఆర్నెల్లు కూడా కాలేదు. కంపెనీ వేరే ఊళ్ళో కొత్త గోదాము పెడుతోంది, బడులు తెరిచే రోజులకి అక్కడికి మకాం మార్చాలి, అందాకా ఇక్కడే ఉంటామన్నాడు. ఉండమన్నాం. తోడికోడలు డిగ్రీ చదివింది. పైకి చెల్లీ అని పిలిచినా మనసులో నేను డిగ్రీగారనే పేరు పెట్టుకున్నాను. సన్నగా, చురుగ్గా, అడక్కుండానే గిన్నెలు కడిగేసే పిల్ల. తప్పుపట్టడానికి ఏమీ దొరక్కపోవడమే దానిలో పెద్ద తప్పు.

వచ్చిన మర్నాడు మధ్యాహ్నం పేపర్లో నడుమ 'కె' ఇచ్చాడు. చుట్టూ టి, హెచ్, ఐ, సి, ఇ, ఎన్. నేను కాలరు తిప్పుతూనే పెద్దమాట పట్టేశాను. 'కిచెన్' అన్నాను. వంటిల్లు, అదిగో అని గడ్డంతో చూపించాను, చేతులు రెండూ గుడ్డ మీద ఉన్నాయి కాబట్టి. భేష్ అన్నారు అత్తయ్య. అంతలో డిగ్రీగారు గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటూ, "వాటితోనే 'థికెన్' కూడా వస్తుంది కదక్కా" అంది.

అత్తయ్య కళ్ళు తెరిచారు. ఒక వలయానికి ఒకే పెద్దమాట ఉంటుందని అన్నేళ్ళుగా మా ఇద్దరి నమ్మకం. ఆవిడ వేళ్ళు ముడుస్తూ అక్షరాలు లెక్క చూసుకుని, అర్థమేమిటి అని అడిగారు. చిక్కబడటం అంది. ఎక్కడుంది అన్నారు. అది వంటింట్లోకి తొంగిచూసి, పొయ్యి మీద పాలు అంది. అత్తయ్య చప్పట్లు కొట్టారు. ఆవిడ నా మాటలకి భేష్ అంటారు, శభాష్ అంటారు, చప్పట్లు మాత్రం అంతకుముందు నేను వినలేదు. పైగా ఆ పాలు పొయ్యి మీద పెట్టింది నేను.

ఆ సాయంత్రానికే ఇంకో కుర్చీ వచ్చి చేరింది. పేరు కూడా మారింది. అన్నేళ్ళూ అత్తయ్య నన్ను అమ్మాయ్ అనే పిలిచారు. ఇద్దరం పలుకుతున్నామని ఆ రోజు నుంచి దాన్ని చిన్నమ్మాయ్, నన్ను పెద్దమ్మాయ్ అనడం మొదలుపెట్టారు. ఎవరూ అడక్కుండా, దండ వెయ్యకుండా నాకు పెద్దరికం వచ్చేసింది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా? మా ఆయనతో చెబితే, "పెద్దదానివే కదా" అన్నారు. ఈయనతో చెప్పుకోవడం కంటే లిఫ్టుతో చెప్పుకోవడం నయం.

వారం తిరిగేసరికి అక్షరాలు చదివి వినిపించే పని కూడా అది తీసుకుంది. నీకు పని ఎక్కువగా ఉంది కదక్కా, నేను చదువుతాను అంది. కాదని ఎలా అంటాను? మిషను చప్పుడులో నాకు సగం అక్షరాలు వినబడేవి కావు. వినబడ్డ సగంతో నేను 'టిన్', 'నెట్' అని చిల్లర మాటలు పోగుచేసుకుంటుంటే, అవతల అది నేను పుట్టి బుద్ధెరిగి వినని మాటలు చెప్పేది. అర్థం ఇంట్లో చూపించమంటే తెల్లమొహం వేసేది. అక్కడైనా నాది పైచేయి అనుకుంటే, అత్తయ్య నవ్వి, సరేలే, అర్థం తెలుసుగా, రాయండి అనేవారు. నాకు ఎన్నడూ ఇవ్వని సడలింపు దానికి ఇచ్చేశారు. పండిన దానిమ్మలా పగిలిపోతానేమో అనిపించేది. అసూయ అంటే అర్థం ఎక్కడుందో చూపించమని ఎవరైనా అడిగుంటే నా గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర మరిది అసలు సంగతి బయటపెట్టాడు. అమ్మని మాతో తీసుకెళ్తాం, అక్కడ మంచి కంటి ఆసుపత్రి ఉంది, నేను పగలంతా గోదాములో ఉంటాను, మా ఆవిడకి ఆ ఊళ్ళో పలకరించే దిక్కు లేదు అన్నాడు. మా ఆయన ముద్ద మింగి, అమ్మ ఇష్టం అన్నారు. నేను వడ్డించే గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్తయ్య ఎవరి వైపూ చూడలేదు. చూసినా ఆవిడకి మా మొహాలు తెలియవు. పెద్దమ్మాయి సీజను అయ్యేదాకా ఈ మాటెత్తకండి, అప్పుడు చెబుతాను అన్నారు.

అంటే తీర్పు వాయిదా పడిందన్నమాట. ఆ రోజు నుంచి నాకు ఆట ఆటగా లేదు. అది ఒక మంచి మాట చెబితే, అత్తయ్య పెట్టెలో ఒక చీర మడతపెట్టి పెట్టినట్టే ఉండేది. నేను పెద్దమాట పట్టుకున్న రోజున ఆవిడ ఇక్కడే ఉంటారనిపించేది. ఇది పిచ్చి అని నాకూ తెలుసు. కాజాలు కుడుతూ కుడుతూ పెదాలు కదిపేదాన్ని. కొలతలకొచ్చిన పిల్లాడొకడు, ఆంటీ మీరు ఎవర్ని తిడుతున్నారు అని అడిగాడు కూడా.

సీజను నడినెత్తికొచ్చిన రోజుల్లో, ఒక పొద్దున్న గుండీలు తేవడానికి వెళ్ళాను. బల్ల నిండా ముందురోజు కత్తిరించిన కట్టలున్నాయి. చొక్కా చేతుల కట్టలు నడుమ, చుట్టూ కాలర్లూ జేబులూ. కట్ట పైముక్క మీద సుద్దతో సైజు రాసిపెట్టడం నా అలవాటు. చిన్నదానికి ఎస్, మధ్యదానికి ఎమ్, పెద్దదానికి ఎల్. తిరిగి వచ్చేసరికి అత్తయ్యా, అదీ పెరట్లో బట్టలారేస్తూ పకపకా నవ్వుకుంటున్నారు. పేపరు కుర్చీలో తెరిచి ఉంది. అంటే నేను రాకుండానే ఆడేశారు. అన్నేళ్ళలో అత్తయ్య నేను లేకుండా ఆడిన రోజు లేదు.

వాళ్ళని పలకరించలేదు. సరాసరి మిషను దగ్గర కూర్చుని, చెయ్యి చాచి ఎమ్ ఉన్న కట్ట మధ్యసైజు చొక్కాలకి, ఎల్ ఉన్న కట్ట పెద్దసైజు చొక్కాలకి తీసుకుని చేతులు ఎక్కించడం మొదలుపెట్టాను. చంక దగ్గర గుడ్డ కాస్త పొంగింది. ఈసారి థాను మంచిది కాదు అనుకుని లాగి కుట్టాను. చేతులు ఎక్కిస్తున్నంతసేపూ చెవులు పెరట్లోనే ఉన్నాయి. కోపంలో ఉన్నవాళ్ళ కాలు మిషను మీద భలే వేగంగా ఆడుతుంది. మధ్యాహ్నానికి రెండు కట్టలూ అయిపోయాయి. గొప్పగా మడతపెడుతుంటే తెలిసింది. మధ్యసైజు చొక్కాలకి చేతులు వేలాడుతున్నాయి, పెద్దసైజు వాటికి బిగుసుకుపోయాయి.

డిగ్రీగారు కాఫీ పట్టుకొచ్చి, మిగిలిన కట్టల్ని చూసి ఆగిపోయింది. బల్ల మీద చోటు లేక, కట్టల మీదున్న పాత సుద్ద తుడిచేసి అక్షరాలు వాటి మీదే ఒక్కోటి రాశానక్కా, పేపర్లో ఉన్నట్టే గుండ్రంగా, ఎమ్ నడుమ పెట్టి అంది. చూస్తే కాలర్ల మీద యు ఉంది, జేబుల మీద బి, ఆర్ ఉన్నాయి. అవన్నీ పొద్దుటి నుంచీ నా కళ్ళముందే ఉన్నాయి. పెద్దమాట 'స్లంబర్', అంటే నిద్ర అని కూడా చెప్పింది, పాపం కంగారులో. ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది.

"ఆడుకోవడానికి నీకు నా బల్లే దొరికిందా? నా గుడ్డే దొరికిందా?" అన్నాను. ఆపుకోవలసింది అక్కడే. ఆపుకోలేకపోయాను. "నా అత్తే దొరికిందా?"

వెనక గుమ్మంలో ఖాళీ బకెట్టు పట్టుకుని అత్తయ్య నిలబడి ఉన్నారు. తోడికోడలి మొహంలో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది. ఈ ఇంట్లో తనమీద ఎవరికైనా కోపం ఉందన్న సంగతి దానికి అప్పుడే తెలిసింది. అత్తయ్య బకెట్టు కింద పెట్టి, విప్పాల్సినవి ఎన్నున్నాయే అని మాత్రం అడిగారు. అన్నీ అన్నాను. అయితే రేపు ముగ్గురం కూర్చుందాం, ఇవాళ నువ్వు ఇంక మిషను తొక్కకు అన్నారు.

మర్నాడు ముందుగదిలో చాప పరుచుకుని కూర్చున్నాం. మధ్యలో కుప్పగా చొక్కాలు. నేను బ్లేడు ముక్కతో కుట్లు కోసిస్తుంటే, వాళ్ళిద్దరూ దారాలు లాగేవారు. అత్తయ్యకి చూపు అక్కర్లేదు, వేళ్ళతో తడిమి పోగు పట్టుకునేవారు. ఆవిడ నాకూ దానికీ నడుమ కూర్చున్నారు. మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఉప్పు ఎక్కడుంది, తలుపు వెయ్యి లాంటివి కూడా ఆవిడ ద్వారానే నడుస్తున్నాయి, ఎక్స్ఛేంజీలో కాల్ కలిపినట్టు. చివరికి ఆవిడే, ఇవాళ ఏమిచ్చాడు, ఎవరైనా చదవండి అన్నారు.

డిగ్రీగారు పేపరు అందుకుని, చదవమంటావా అన్నట్టు నా వైపు చూసింది. చదువు అన్నాను. నడుమ ఎన్, చుట్టూ సి, యు, ఆర్, టి, ఎ, ఐ అంది.

ఇంక మిషను లేదు, చప్పుడు లేదు. ఏడక్షరాలూ చక్కగా వినబడ్డాయి. వినబడీ వినబడకముందే నాకు పెద్దమాట తట్టేసింది. తట్టకేం, నేను కుట్టే సరుకే అది. 'కర్టెన్'. తెర. వంటింటి గుమ్మానికి వేలాడుతున్న దాన్ని నేనే కుట్టాను, అంచు కూడా నేనే మడిచాను. ఇన్ని రోజుల తర్వాత దొరికింది, పైగా దాని కళ్ళముందే, చూపించడానికి చేతికందేంత దూరంలో. నోరు తెరిచాను.

అత్తయ్య చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. గుడ్డల కుప్ప కింద నుంచి, ఎవరికీ కనబడకుండా. గట్టిగా నొక్కారు. అప్పుడే అర్థమైంది, ఆవిడకీ ఆ మాట తట్టింది. నాకు తట్టిందని కూడా తెలుసు. నేను నోరు మూసుకున్నాను.

అటువైపు అది పెదాలు కొరుక్కుంటూ వెతుకుతోంది. 'రెయిన్' అంది. వాన, ఇంకా రావాలి. 'ట్రెయిన్' అంది. 'టర్న్' అంది. 'ఆంట్' అంది. అర్థమేమిటి అని అత్తయ్య అడిగితే తడబడింది, పిన్నా, అత్తా, పెద్దమ్మా ఏది చెప్పాలో తెలియక. ఇంగ్లీషువాడికి అందరూ ఒకటేలే, వాడికి పంపకాల గొడవ లేదు అన్నాను నేను. అత్తయ్య పగలబడి నవ్వారు. అదీ కొంచెం నవ్వింది. ఆ చెయ్యి మాత్రం మధ్యమధ్య వచ్చి నా మణికట్టు నొక్కుతూనే ఉంది. దారాలు లాగాం, కుట్లు కోశాం, నీడ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

చివరికి దానికి తట్టింది. "కర్టెన్!" అని చిన్నపిల్లలా మోకాళ్ళ మీద లేచింది. "తెర. అదిగో."

"నాకు తట్టనే లేదు సుమా" అన్నారు అత్తయ్య.

ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. ఆ గొంతులోనే, ఆ రాగంలోనే విన్నాను. నేను కాపురానికొచ్చిన మొదటి ఏడాది, మొదటిసారి నాకు పెద్దమాట దొరికిన రోజు. అది 'గార్మెంట్'. బట్ట, తొడుక్కునేది అని నా ఒంటిమీద చీర కొంగు పట్టుకుని చూపించాను. ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద లేవు. ఎక్స్ఛేంజీలో అంత పనిచేసిన మనిషికి తట్టనిది నాకు తట్టిందని పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇప్పుడు చాప మీద కూర్చుని, చేతిలో బ్లేడు ముక్కతో, నా మణికట్టు మీద వేళ్ళ గుర్తులు చూసుకుంటుంటే, నా చేతిలోంచి ఎవరో ఏదో లాగేసుకున్నట్టు అనిపించింది. డిగ్రీగారు అప్పుడు ఎంత అందంగా నవ్వుతోందో! నేనూ ఆ రోజు అలాగే నవ్వి ఉంటాను.

సాయంత్రం అది స్నానానికి వెళ్ళినప్పుడు, అంతకుముందే కుట్టి ఉంచిన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ అడిగాను. గార్మెంట్ కూడా నాకు వదిలేసిందేనా అన్నాను. ఎప్పటి మాటే అని ఆవిడ తప్పించుకోబోయారు. నేను వదల్లేదు. ఆవిడ ఇస్త్రీ అయిన చొక్కా అందుకుని గుండీలు పెట్టసాగారు.

"మా ఎక్స్ఛేంజీలో పద్ధతి అది" అన్నారు. "కొత్తపిల్ల బోర్డు ముందు కూర్చుంటే, మొదటి కాల్ తనే కలిపేదాకా పాతవాళ్ళం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. దీపం వెలుగుతూ ఉంటుంది, అవతలివాడు అరుస్తూ ఉంటాడు. అయినా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ పిల్ల ఇంక ఎప్పటికీ మన చెయ్యి వైపే చూస్తుంది."

నేను ఎన్నాళ్ళు కొత్తపిల్లనో అడుగుదామనుకున్నాను. అడిగి ఏం లాభం? ఇవాళ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారంటే నేను పాతవాళ్ళలో చేరిపోయానన్నమాట. ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం, మళ్ళీ ఏమీ రానిదాన్నై ఆ కుర్చీ పక్కన కూర్చోవాలనిపించింది.

"మీరు దానితో వెళ్తున్నారు" అన్నాను. అడగలేదు, అన్నాను.

"దానికి అక్కడ ఎవరున్నారే? నీకు వీధంతా ఉంది."

"వీధంతా ఉంది. మీరు లేరుగా."

ఆవిడ గుండీ పెట్టడం ఆపారు. ఆ మసక కళ్ళు నా గొంతు వచ్చిన వైపు తిప్పి, "వద్దని ఒక్కమాట అను, ఆగిపోతాను" అన్నారు.

అలా అడిగితే ఎవరికైనా జవాబు ఒకటే ఉంటుంది. నా నోట్లో ఆ 'వద్దు' సిద్ధంగానే ఉంది. బాత్‌రూములోంచి నీళ్ళ చప్పుడు, దాని కూనిరాగం వినబడుతున్నాయి. తెలియని ఊళ్ళో, మొగుడు గోదాములో ఉంటే, ఇంటి నాలుగు గోడలూ చూస్తూ అది ఆ రాగం ఎవరికి వినిపిస్తుంది? ఆ ఆలోచన నాకు వచ్చినందుకు కూడా నాకు దానిమీదే కోపం వచ్చింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "నన్నడగకండి అత్తయ్యా. వెళ్ళమని నేను అనను. నా చేత అనిపించకండి" అన్నాను. ఆవిడ తలూపి మళ్ళీ గుండీలు అందుకున్నారు. వద్దని నేను అనలేదని ఇద్దరికీ తెలుసు.

చేతులు సరిగ్గా ఎక్కించి చొక్కాలన్నీ అందించేసరికి మొదటి వాన పడింది. బడులు తెరిచారు. నేను కుట్టిన చొక్కాలు తొడుక్కుని పిల్లలు వీధిలో బురద చిమ్ముకుంటూ పోయారు. ఆ వారంలోనే అత్తయ్య పెట్టె సర్దాం. సర్దింది నేనే, దాన్ని ముట్టుకోనివ్వలేదు. మడతలు నాకు తెలుసు, ఏ మందు ఏ పూటో నాకు తెలుసు అన్నాను. బస్సు కదిలేముందు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఆవిణ్ని జాగ్రత్తగా చూసుకుంటాను" అంది. చూసుకోకపోతే ఊరుకుంటానా అన్నాను. నవ్వుతూ అన్నాననుకుంది. మా ఆయన ఇంటికొచ్చాక, ఎన్నడూ లేనిది, కాఫీ పెట్టి ఇచ్చారు. చక్కెర మరిచిపోయారు. తాగేశాను.

నెల తిరిగాక అత్తయ్య కంటికి ఆపరేషన్ అయింది, బాగా జరిగిందని ఫోన్ వచ్చింది. ఆ తర్వాత ఫోను రోజూ మోగేది. ఆ ఊళ్ళోనూ అదే పేపరు వస్తుంది, అవే అక్షరాలు. సీజను లేని రోజులు కదా, నాకు పెద్దగా పనిలేదు. పొద్దున్నే బల్ల ముందు నిలబడి సుద్దతో వలయం గీసుకునేదాన్ని. చేసేదేముంది, అలవాటు.

ఒకరోజు మధ్యాహ్నం డిగ్రీగారి ఫోను. గొంతులో సంబరం దాగడం లేదు. "అక్కా, ఇవాళ్టి పెద్దమాట నేనే పట్టుకున్నాను. ఎవరి సాయం లేకుండా! అత్తయ్యకి కళ్ళొచ్చాక నాకు ఇదే మొదటిది, పేపరు ఆవిడ చేతిలోనే ఉంది, అయినా తట్టలేదట." వెనకనించి ఆవిడ గొంతు ఏదో అంటూ వినబడింది. కంచులాంటి గొంతు, ప్రతి అక్షరం విడివిడిగా. నన్ను పలకరించడం కాదు, దాన్ని మెచ్చుకోవడం. ఆ గొంతు ఇప్పటికీ నాదే అనిపిస్తుంది.

"నీకు తట్టిందా అక్కా?" అని అడిగింది.

పొద్దున్న మొహం కడుక్కోకముందే తట్టింది. 'బ్లాంకెట్'. నా ఎదురుగా బల్ల మీద, నా చేతిరాతతో, వలయం పక్కనే ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అరచేత్తో ఆ మాట తుడిచేశాను.

"లేదే, పొద్దుటి నుంచీ తన్నుకుంటున్నాను" అన్నాను. "చెప్పు. అర్థం కూడా చెప్పు."